తొవ్వకు పోయిన డీజిల్

ముఖం మీద దొంగ అని నేను అన్నది నా జన్మలో ఒక్క మనిషిని. అతను దొంగ కాదు. ఇన్నేళ్ళకు ఆ సంగతి రాద్దామని కూర్చుంటే ముందు బండి రిపేరే గుర్తొస్తోంది, మనిషి తర్వాత గుర్తొస్తున్నాడు. అప్పుడూ నా వరస ఇంతే.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర పొలం కొన్నాడు. నేను పెరిగిందీ, వ్యవసాయం నేర్చుకున్నదీ అక్కడే. ఎనభైలలో మణుగూరు చుట్టూ కాలనీలు లేస్తుంటే అక్కడ కూరగాయలకు గిరాకీ బాగుందని విని, వెనక తొట్టి ఉన్న పాత జీపు బండి ఒకటి కొన్నాను. పికప్ అనేవాళ్ళం. నా చేతికొచ్చేసరికే అది ఇద్దరు యజమానుల దగ్గర అరిగిపోయి ఉంది. ఎడమ తలుపుకు గడియ లేదు, తాడుతో కట్టాలి. ఎలక్ట్రిక్ హారన్ మోగదు. దాని బదులు మా డ్రైవరు ఎక్కడో పాత బస్సుకు ఉన్న రబ్బరు బుడ్డి హారన్ తెచ్చి కిటికీ పక్కన బిగించాడు. అది నొక్కితే మూడు పొలాల అవతల దున్నేవాళ్ళు కూడా మా బండి వస్తోందని చెప్పేవాళ్ళు. స్పీడు మీటరు కేబులు తెగిపోయి, ముల్లు ఎప్పుడూ సున్నా మీదే ఉండేది. మార్పిద్దామని డ్రైవరు రెండుసార్లు అడిగాడు.

“రోజూ పోయే దారికి మీటరెందుకు మామా” అన్నాను.

అతను నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఊరి వరసలో మామ. నన్ను అల్లుడా అనేవాడు. నెమ్మదైన మనిషి, నా నోటికి సరిగ్గా వ్యతిరేకం. పొద్దున్నే టమాటా, వంకాయ, బీర బుట్టలు ఎక్కించాక నేను చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. “ఎక్కడా ఆగొద్దు మామా, సరుకు వాడిపోతుంది.” అతను “అవ్” అని తాళం తిప్పేవాడు. కొత్తగూడెం దాటాక పెద్ద రోడ్డు వదిలి అడవి రోడ్డు పట్టుకుంటే మణుగూరు బాగా దగ్గర. అందరూ పోయే దారి అదే కనుక, ఏ దారిన పోతున్నావని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

దగ్గరలో బంకు లేదు. ఇంట్లోనే డ్రమ్ము పెట్టుకుని ఇరవై లీటర్ల క్యానుతో పోసేవాణ్ణి. టాంకులో ఎంత ఉందో చూడటానికి వెదురు బద్దకు గాట్లు పెట్టుకున్నాను. పోను, రాను రెండొందల కిలోమీటర్లు. ఒక ట్రిప్పుకి ఒక క్యాను. అది నా లెక్క, నా గర్వం. మైలేజి గురించి ఎవడైనా గొప్పలు పోతే నా వెదురు బద్ద తెచ్చి చూపించేవాణ్ణి.

ఆ శ్రావణంలో మామ కూతురు పోయింది. ఒక్కతే కూతురు. అడవి వైపు ఏదో పల్లెకు ఇచ్చారు. ఏడో నెల కడుపుతో ఉండగా జ్వరమొచ్చి, దవాఖానాకు తీసుకుపోయే లోపే అయిపోయిందన్నారు. నేను పోలేదు. మిరప నారు పోస్తున్న రోజులు. పదకొండు రోజులు సెలవిచ్చి, అదేదో ఘనకార్యంలా పదిమందికీ చెప్పుకున్నాను. పన్నెండో రోజున మామ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. గడ్డం తీసుకోలేదు, అంతకు మించి తేడా నాకేమీ కనపడలేదు.

దసరా దగ్గరికొచ్చేసరికి క్యాను చాలడం లేదు. ఇరవై పోస్తే దారిలో ఆగిపోయే పరిస్థితి. ఇరవై ఆరు పోయాల్సి వస్తోంది. ముందు వెదురు బద్దను అనుమానించాను, తర్వాత డ్రమ్మును, తర్వాత బండిని. నెల తిరక్కుండా బండిని కొత్తగూడెంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర పెట్టాను. ముసలాయన, మాట తక్కువ. బానెట్ ఎత్తకముందే లోపలికి తొంగి చూసి మీటరు అద్దం మీద గోటితో కొట్టాడు.

“ఇది నడుస్తలేదా?”

“లేదు.”

“మరి మైలేజి పడిపోయిందని ఎట్ల జెప్తున్నవ్? ముందు ఇది వేయించు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెల్వకుంట నేనేం జెప్పాలె?”

“తెలిసిన దారేనయ్యా. నువ్వు ఇంజను చూడు” అన్నాను.

ఆయన మొదటి నిమిషంలోనే రోగం కనిపెట్టాడు. వినేవాడికి చెవులు లేవు.

ఆ రోజంతా బండి విప్పాడు. ఎయిర్ క్లీనరులో అడవి ఎర్ర దుమ్ము, మిరప పొట్టు కలిసి ముద్ద కట్టి ఉంది. కిరసనాయిల్లో కడిగితే బకెట్టు నిండా బురద దిగింది. ఇంజన్లోకి డీజిల్ చల్లే నాలుగు నాజిళ్ళు తీసి పరీక్షించాడు. మూడు సన్నగా చల్లాయి, ఒకటి చంటిపిల్లాడు ఉచ్చపోసినట్టు కార్చింది. దాన్ని మార్చాడు. తర్వాత జాకీ పెట్టి ఒక్కొక్క చక్రం చేత్తో తిప్పాడు. వెనక ఎడమది సగం చుట్టుకే ఆగిపోయింది. బ్రేకు వదలకుండా పట్టుకుని ఉంది. బ్రేకు డ్రమ్ము ఊడదీసి, తుప్పు గీకి, స్ప్రింగు మార్చాడు. టైర్లలో గాలి సరిచేశాడు. మామ పక్కనే నిలబడి అడిగినప్పుడల్లా స్పానరు అందిస్తున్నాడు. నేనే ఆ వారమంతా ఆశగా ఎదురుచూశాను.

ఇరవై ఆరు ఇరవై ఐదయింది. అంతే.

మళ్ళీ పోయాను. ఆయన పొగ చూశాడు, పైపులు తడిమాడు, ఎక్కడా చెమ్మ లేదు. “నీ బండికి ఏం లేదు. పో” అన్నాడు. మీటరు మాట మళ్ళీ ఎత్తాడు. నా తలలో అప్పటికే ఇంకో మాట తిరుగుతోంది. బండి తాగకపోతే మనిషి తీస్తున్నాడు.

మా వైపు డ్రైవర్లలో ఒక అలవాటుండేది. టాంకులోంచి రెండు మూడు లీటర్లు గొట్టంతో లాగి దారిలో ఎవరికో అమ్ముకుని చాయకీ బీడీకీ వాడుకునేవాళ్ళు. దొరికితే సిగ్గుపడేవాళ్ళు కూడా కాదు. “తొవ్వకు తీసిన” అనేవాళ్ళు. తొవ్వంటే దారి, దారి ఖర్చులకని అర్థం. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. మామ నోట వింటానని మాత్రం అనుకోలేదు.

మాఘంలో ఒక పొద్దున. కూలీలు టమాటా బుట్టలు ఎత్తుతున్నారు. నేను వెదురు బద్ద చేత్తో పట్టుకుని అందరి ముందే అడిగాను.

“మామా, బండికి ఏ రోగమూ లేదని తేలింది. మరి డీజిల్ ఎక్కడికి పోతోంది?”

అతను తల దించుకున్నాడు. “యాడికి పోతది అల్లుడా. తొవ్వకే పోతాంది” అన్నాడు.

ఒప్పుకున్నాడనుకున్నాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు అక్కడ కూడా ఆగలేదు. కూతురు పోయిందని జాలిపడి సెలవిస్తే నా డ్రమ్ముకే కన్నం పెట్టావా అన్నాను. దొంగ అన్నాను. కూలీలు బుట్టలు దించి చూస్తున్నారు.

“దొంగనా అల్లుడా నేను?” అన్నాడు, ఒక్కసారే. తాళం చెవి బానెట్ మీద పెట్టి, సీటు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, “టమాటలు ఎండల ఉంచకు, వాడుతయి” అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు బండి నేనే తోలాను. అడవి రోడ్డున పోయి, అడవి రోడ్డున వచ్చి, టాంకులో బద్ద పెట్టి చూశాను. సరిగ్గా ఇరవై. నా అనుమానం రుజువైందని సంతోషపడ్డాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నాకు నేనే అసహ్యం. హోటళ్ళ దగ్గర, మార్కెట్లో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ మామ చేతికి స్టీరింగు ఇవ్వలేదు.

అప్పట్నుంచీ బండి నేనే తోలుతున్నాను. ఎండలు ముదిరాక ఒక రోజు అడవి రోడ్డులో ఒక మూల మలుపు తిరుగుతుంటే గొడ్లు అడ్డమొచ్చాయి. నేను మామూలుగా హారన్ జోలికి పోను, ఆ రబ్బరు బుడ్డి చేతికి జిగటగా తగులుతుంది. ఆ రోజు రెండుసార్లు గట్టిగా నొక్కాను. గొడ్లు కదల్లేదు గానీ, రోడ్డు పక్క పది గుడిసెల పల్లెలోంచి ఒక ముసలామె చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. కిటికీ దగ్గరికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

“మా వియ్యంకుడేమో అనుకున్న బాబూ” అంది.

బండి తోలేవాడే మీ వియ్యంకుడా అని అడిగాను. అవునంది. తన కోడలు ఆయన బిడ్డేనంది. బండి ఈ మూల కాడికి రాంగనే హారన్ మోగేదట, పిల్ల ఏ పనిలో ఉన్నా వదిలేసి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేదట. ఆయన దిగకుండానే తాగి, రెండు మాటలు మాట్లాడి పోయేవాడట.

“పిల్ల సచ్చిపోయిన కాన్నుంచి ఆయన ఈ తొవ్వకు వస్తలేడు. పెద్ద రోడ్డు మీదికెల్లి సుట్టు తిరిగి పోతాండట. ఏం జేస్తడు, కన్న కడుపు గద. నువ్వు తాగు బాబూ, ఎండల వడి వచ్చినవ్.”

ఆ నీళ్ళు తాగాను. గొడ్లు ఎప్పుడో పోయాయి, నేను మాత్రం బండి కదిలించలేకపోయాను.

మర్నాడు కొత్తగూడెం పోయి మీటరు కేబులు వేయించాను. ఖాళీ బండితో పెద్ద రోడ్డున మణుగూరు పోయి, అదే దారిన తిరిగొచ్చాను. మీటరు అంకెలు రెండొందల యాభై చూపించాయి. యాభై కిలోమీటర్లు ఎక్కువ. యాభై కిలోమీటర్లంటే ఐదు లీటర్లు. మామ చేతిలో నా డీజిల్ ఒక్క లీటరు కూడా పక్కకు పోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. తొవ్వకే పోతాంది. దారి పొడవుకే పోతోంది. శ్రావణంలో కూతురు పోవడం, దసరాకు డీజిల్ చాలకపోవడం, రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. నాజిళ్ళు విప్పించాను, చక్రాలు తిప్పించాను, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మాత్రం చూడలేదు.

సాయంత్రం మామ ఇంటికి పోయాను. అతను వాకిట్లో కూర్చుని నులక మంచం అల్లుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోలేదు. “కూసో” అని నులక కొస నా చేతికిచ్చాడు, లాగి పట్టుకోమని. పట్టుకున్నాను. పట్టుకునే తప్పైపోయింది మామా అన్నాను. మీటరు సంగతి, కిలోమీటర్ల సంగతి, ముసలామె సంగతి అన్నీ చెప్పాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“సుట్టు తోవన పోతున్నానని ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది కదా మామా” అన్నాను చివరికి. తప్పు ఒప్పుకోవడానికి వచ్చి కూడా కొంత అతని మీదికి తోయబోయాను.

“జెప్పిన గద” అన్నాడు.

నులక ఇంకో వరస అల్లాడు. తర్వాత తలెత్తకుండా అడిగాడు.

“ఆ మూల కాడ హారన్ కొట్టినవా?”

“కొట్టాను మామా.”

“ఎవలన్న వచ్చిన్రా?”

“మీ వియ్యపురాలు. నీళ్ళు తెచ్చింది.”

అతని చేతులు ఆగాయి.

“ఆ దినం నేను గూడ కొట్టిన అల్లుడా. రెండుసార్లు కొట్టిన. పిల్ల రాలే. పండుకున్నదేమో అనుకున్న. దిగి ఒక్కసారి లోపటికి పోయి చూద్దునేమో, బండి నిండ టమాటలున్నయి. వాడుతయి, నువ్వు ఊరుకోవని పోయిన. మర్లి వచ్చేటాలకు…”

ఆ మాట అక్కడే వదిలేశాడు. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, డీజిల్ సంగతి చెప్పినట్టే. ఎక్కడా ఆగొద్దని ప్రతి పొద్దునా చెప్పింది నేను. ఆ పొద్దున కూడా చెప్పే ఉంటాను. అతను అవ్ అనే ఉంటాడు. నా చేతిలో నులక కొస ఎప్పుడు వదులైందో నేను చూసుకోలేదు.

“గట్టిగ పట్టుకో అల్లుడా” అన్నాడు మామ.