డోరతీ ఆంటీ దక్షిణపు గది

ఉల్లిపాయ ముక్కల్లో వెనిగర్ పోస్తుంటే ఘాటు ముక్కుకెక్కింది. అంతే, ఆక్లండ్‌ బోటనీ డౌన్స్‌లోని నా వంటగది మాయమై, వెల్లింగ్టన్‌లో ఓ కొండవాలు ఇంటి గోడ కళ్ళముందు నిలిచింది. ఆ గోడకు పట్టిన నల్ల బూజును వెనిగర్‌లో ముంచిన గుడ్డలతో నేనో పక్క, డోరతీ ఆంటీ ఓ పక్క తుడిచేవాళ్ళం. ఎంత తుడిచినా వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చేది. మనసుకు దగ్గరైనవాళ్ళు మల్లెపూల వాసనతోనో అగరొత్తుల వాసనతోనో గుర్తొస్తారని ఎక్కడో చదివాను. నన్ను మనిషిని చేసినామె మాత్రం నాకు వెనిగర్ ఘాటుతోనే గుర్తొస్తుంది. ఈ మాట వింటే పడీ పడీ నవ్వుతుంది.

మేం న్యూజిలాండ్ వచ్చింది రెండువేల నాలుగు జనవరిలో. గుంటూరులో ఎనిమిదేళ్ళు నర్సుగా చేసినదాన్నే అయినా, ఇక్కడ నర్సుననిపించుకోవాలంటే ముందు ఓ శిక్షణ కోర్సు పాసవ్వాలి. ఆగస్టులో మొదలయ్యే కోర్సులో సీటు దొరికింది. అందాకా ఓ వృద్ధుల ఆశ్రమంలో కేర్‌గివర్ పని. మా ఆయన ప్రసాద్‌ది కంప్యూటర్ కాంట్రాక్టు ఉద్యోగం. మా పాప స్నేహకు నాలుగేళ్ళు. డోరతీ ఆంటీ ఇంట్లో కింది భాగం అద్దెకు తీసుకున్నాం. ఆవిడా ఈ దేశానికి కొత్తే. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఓ బడి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, భర్త పోయాక యాభై ఎనిమిదో ఏట ఒంటరిగా వచ్చి, మాకన్నా రెండు నెలల ముందు ఆ ఇల్లు కొంది. ఇక్కడ ఎవరినైనా పేరు పెట్టే పిలవాలట. తల నెరిసినామెను "డోరతీ" అనడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. "నేను నీకు ఆంటీని ఎలా అవుతాను?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "సర్లే, ఈ దేశంలో నాకు చుట్టాలెవరూ లేరు, ఒకరుంటే మంచిదే" అంది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. కానీ ఎందుకో ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

ఇల్లు చూపించిన రోజు ఆవిడ గర్వం చూడాలి. సముద్రం కనబడేలా పెద్ద పెద్ద కిటికీలున్న ముందుగదిలో నిలబెట్టి, "దక్షిణం వైపు గది! మా ఊళ్ళో ఇలాంటి గది కోసం జనం కొట్టుకు చస్తారు. రోజంతా ఎండే" అంది. పైన ఆవిడ గదులూ ఆ వైపే, కింద మా గదులూ ఆ వైపే. జనవరి అంటే ఇక్కడ నడివేసవి కదా, రాత్రి ఎనిమిదైనా పొద్దుండేది, ఆ కిటికీల్లోకి ఓరగా ఎండ పడేది. నేనూ మురిసిపోయి పాప మంచం ఆ కిటికీ పక్కనే వేశాను. మా అమ్మకు ఫోన్ చేసి, ఇల్లంతా ఎండతో కళకళలాడుతోందని చెప్పాను.

చలికాలం మొదలై జూన్ వచ్చేసరికి కళా లేదు, కాంతీ లేదు. సముద్రం మీంచి దక్షిణపు గాలి ఈడ్చి కొట్టేది. పొద్దున్నే కిటికీ అద్దాల మీంచి నీళ్ళు కారి దుప్పట్ల అంచులు తడిసేవి. ఆంటీ పైనుంచి దిగి వచ్చి, హీటరు ఎక్కడైనా దాగుందేమో అన్నట్టు గోడలన్నీ తడిమి చూసింది. ఇంగ్లండులో ప్రతి గదిలోనూ గోడకు వేడి నీళ్ళ హీటరు ఉంటుందట. "లీడ్స్‌లో బయట మంచు కురుస్తుంటే ఇంట్లో పొట్టిచేతుల చొక్కాతో తిరిగేదాన్ని. ఇక్కడ మంచూ లేదు, పాడూ లేదు, ఇంట్లో కోటేసుకుని టీ తాగుతున్నాను" అని వాపోయింది. మాకా, చలంటేనే తెలియదు. ఉన్న ఒక్క చిన్న హీటరునూ పాప మంచం దగ్గర పెట్టాం. అయినా స్నేహకు పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ చిన్న ఛాతీలోంచి ఆ చప్పుడు వింటూ, ఎనిమిదేళ్ళ నర్సునై ఉండీ ఏమీ చేయలేక కూర్చోవడం ఎంత నరకమో నాకే తెలుసు. మందులు కాదు, ముందు పొడిగా ఉండే గది కావాలన్నాడు డాక్టరు. వేరే ఇళ్ళు వెతికాం. చూసిన నాలుగూ దీనికన్నా చెమ్మగా ఉన్నాయి.

"ఈ నెలాఖరుకి తగ్గకపోతే ఇండియా వెళ్ళిపోదాం సునీతా. పిల్ల కన్నా ఎక్కువా ఏంటి?" అన్నారు ప్రసాద్. కోర్సుకి ఇంకా నెలే ఉంది. ఆ సీటు పోతే మళ్ళీ వస్తుందో రాదో. ఇద్దరం కన్న కల అది. కానీ ఆయన మాటకు ఎదురు చెప్పే మొహం నాకెక్కడుంది? అమ్మకు మాత్రం పాప బాగానే ఉందనే చెప్పేదాన్ని. అబద్ధాలాడటంలో ఆ చలికాలం నేను బాగా రాటుదేలాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం పెరట్లో బట్టలు తీస్తూ, "ఆంటీ, ముందు వరండాలో ఆరేసినవి మూడ్రోజులైనా తడే. ఇక్కడివి మాత్రం పొద్దున వేస్తే ఇప్పటికే పెళపెళలాడుతున్నాయి" అన్నాను. ఆవిడ టీ కప్పుతో బయటికొచ్చి, తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఇప్పుడు టైమెంత?" అంది.

"పన్నెండు దాటింది."

"మరి సూర్యుడు ఇంటి వెనక్కి ఎందుకొచ్చాడు? ఇది ఉత్తరం కదా."

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పుట్టినప్పటినుంచీ చలికాలపు సూర్యుణ్ణి ఆవిడ లీడ్స్‌లో దక్షిణాన చూసింది, నేను గుంటూరులో దక్షిణాన చూశాను. భూమధ్యరేఖ దాటి ఇంత కిందికొస్తే ఎండ ఉత్తరం నుంచి వస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ చలివైపు ఇల్లు కొంది. నేను పాపను తీసుకెళ్ళి చలివైపు పడుకోబెట్టాను. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఆంటీ టీ గడ్డిలో పారబోసి, "ఏడుపు తర్వాత. కిందే ఉత్తరం వైపు నా సామాన్ల గది ఉంది. పాపకు అదిచ్చేద్దాం" అంది.

ఆ గదినిండా ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చుకున్న పెట్టెలు. వాటన్నిటికీ మించి, వాళ్ళమ్మ వాడిన పెద్ద చెక్క బీరువా. తలుపులోంచి పట్టకపోతే సామాన్లు దింపినవాళ్ళు కిటికీ చట్రం ఊడదీసి లోపలికి తోసి, తిరిగి ఆ కిటికీకే అడ్డంగా నిలబెట్టి పోయారు. దాన్ని తీస్తే తప్ప ఎండా రాదు, మంచమూ పట్టదు. తీయాలంటే నలుగురైదుగురు మగవాళ్ళు కావాలి.

ఆ ఆదివారం మేమంతా వెళ్ళే చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ టీ తాగుతుంటే ఆంటీ కుర్చీ ఎక్కినంత పని చేసింది. "అందరూ ఒక్క నిమిషం! ఎండ కోసమని దక్షిణం వైపు ఇల్లు కొన్న తెలివైనదాన్ని నేనే. నా మాట నమ్మి ఈ సునీత తన పాపను ఆ గదిలో పడుకోబెట్టింది, పిల్లకు ఊపిరాడటం లేదు. ఒక బీరువా బయటికి లాగాలి. ఎవరొస్తారు?" హాలంతా గొల్లుమంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కానీ తప్పంతా ఆవిడే నెత్తినేసుకుంటుంటే ఊరుకోబుద్ధి కాలేదు. "మంచం అక్కడ వేసింది నేనే" అన్నాను. అప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ ఓ పెద్దాయన దగ్గి, "మాదీ దక్షిణమే. ఇంగ్లండు నుంచి వచ్చి పదకొండేళ్ళయింది, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో అడిగాను, "అందరి ముందూ అలా చెప్పుకోవడానికి మీకు సిగ్గనిపించలేదా ఆంటీ?"

"ఎందుకనిపించలేదూ? చెవులు కాలిపోయాయి. చెప్పకుండా దాచుకుంటే గోడలు ఆరతాయా మరి?"

శనివారం ఆరుగురొచ్చారు. పెద్దాయనా వచ్చాడు. బ్రయన్ అనే వడ్రంగి కిటికీ చట్రం ఊడదీశాడు. కానీ చెమ్మకి చెక్క ఉబ్బి బీరువా ఎటు తిప్పినా బయటికి రాలేదు. కొయ్యక తప్పదన్నాడు. ఆంటీ దాని తలుపు మీద కాసేపు చెయ్యి వేసి ఉంచింది. తర్వాత బ్రయన్ చేతిలోంచి రంపం తీసుకుని మొదటి కోత తనే కోసింది. ఆ పొట్టి మనిషి చేతుల్లో అంత బలం ఉందని అప్పుడే తెలిసింది. బీరువా ముక్కలై బయటికి పోగానే గదిలోకి ఎండ వచ్చి పడింది. అలా ఇలా కాదు, గదినిండా, గోడలనిండా. స్నేహ చెప్పులు విప్పి ఆ ఎండలో బాసింపట్టు వేసుకు కూర్చుని, "అమ్మా, నేల వెచ్చగుంది!" అని అరిచింది. ఆరుగురు మగాళ్ళూ చప్పట్లు కొట్టారు. నేను ఆంటీని పట్టుకుని భోరుమన్నాను. ఆవిడ ఈసారి వద్దనలేదు, తనూ ఏడ్చింది.

పాప మంచం అటు మార్చాం. రోజూ పొద్దున పది నిమిషాలు కిటికీలన్నీ తెరిచి చెమ్మ గాలిని బయటికి పంపేవాళ్ళం. నెలాఖరుకి డాక్టరు స్నేహ వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. "ఇప్పుడేమీ వినిపించడం లేదు" అన్నాడు. ఆ సాయంత్రం ప్రసాద్ తిరిగి వెళ్ళే ఊసే ఎత్తలేదు. "కోర్సుకి వేసుకెళ్ళే బట్టలు ఇస్త్రీ చేసుకున్నావా?" అని మాత్రం అడిగారు.

కోర్సు మొదటి వారంలోనే రోగిని మంచం మీంచి లేపే యంత్రం ఎదురైంది. అంతకుముందరి సునీత అయితే తెలిసినట్టు తలూపేసి, రాత్రంతా భయపడుతూ పడుకునేది. నేను చెయ్యెత్తాను. "నాకిది రాదు. మా ఊళ్ళో నలుగురం కలిసి చేతులతోనే ఎత్తేవాళ్ళం. ఇంకోసారి చూపిస్తారా?" అన్నాను. చెవులు కాలిపోయాయి. నా వెనక ఇద్దరు ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా వినబడింది. పాసైనట్టు ఉత్తరం వచ్చిన రోజు ఆంటీ వరండాలోకి పోయి వీధి వీధంతా వినబడేలా, "మా సునీత నర్సయింది!" అని కేకేసింది. ఎదురింటాయన కారు ఆపి మరీ హారన్ కొట్టాడు. నా జీవితంలో నాకు జరిగిన ఊరేగింపు అదొక్కటే.

ఇప్పుడు ఆక్లండ్‌లో ఓ వార్డుకి నేనే పెద్ద నర్సుని. పోయినవారం ఇంగ్లండు నుంచి ఓ కొత్త అమ్మాయి చేరింది. మందు ఎక్కించే పంపు గురించి నేనేం చెప్పినా "తెలుసు, తెలుసు" అని తలూపుతోంది. ఆ తలూపు నాకు తెలియంది కాదు. పక్కన కూర్చోబెట్టి, ఎండ తగలాలని కన్నబిడ్డను చలివైపు పడుకోబెట్టిన నర్సు కథ చెప్పాను. ఆ నర్సు నేనేనన్నాను. ఆ అమ్మాయి మొదట నవ్వింది, తర్వాత చేతులు చూసుకుంటూ, "మా ఆసుపత్రిలో పంపు వేరే రకం. ఇది ఎలా ఆపాలో నాకు నిజంగా తెలియదు" అంది. సరే రమ్మన్నాను, ఇద్దరం పంపు ముందు నిలబడ్డాం. అందులో ఓ మూల ఉన్న మీట దేనికో నాకూ ఇప్పటిదాకా తెలియదు. ఆ మాట కూడా ఆ అమ్మాయికి చెప్పేశాను.