మామ టేపులో పోయిన నాలుగు ఇంచులు

ఇప్పుడైతే గోడకు ఎర్ర లైటు చుక్క ఒకటి కొడితే చాలు, చేతిలోని పెట్టె కొలత చెప్పేస్తుంది. ఆ రోజుల్లో అట్లా కాదు. గోడకు ఈ చివర ఒక మనిషి, ఆ చివర ఒక మనిషి, మధ్యలో టేపు, ఆ టేపు మీద ఇద్దరికీ నమ్మకం, ఇన్ని కుదిరితేగానీ ఒక బీరువా పుట్టేది కాదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మదనపల్లెలో డిగ్రీ ముగించి, ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టి, పెట్టిన చోట్ల ఎక్కడినుంచీ జవాబు రాక, మా మామ చెక్కపని షాపులో చేరాను. (చేరానంటే, మా అమ్మ వాళ్ళ అన్న దగ్గరికి పోయి "దీన్ని ఇంట్లో పెట్టుకోని ఏగలేకపోతాండానన్నా, ఆ టీవీ రిమోట్ బొత్తాలన్నీ అరగదీసేసింది" అని చెప్పి నన్ను అప్పజెప్పి వచ్చిందని అర్థం.) ఇళ్ళకు పోయి కొలతలు తీసుకురావడం, నోటుబుక్కులో రాయడం, కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించడం నా పని. మామకు ఆ బొమ్మలంటే గౌరవమేగానీ, చెక్క కోసేటప్పుడు మాత్రం వాటివైపు చూసేవాడు కాదు. నోటుబుక్కులో అంకె చూసుకుని కోసేవాడు.

మామ టేపు గురించి చెప్పాలి. అది ఆయన పనిలోకొచ్చిన కొత్తల్లో కొన్నదట. మొదట్లో ఉండాల్సిన కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. ఆ తర్వాత చివర ముడతలు పడితే కత్తిరించారు, మళ్ళీ ముడతలు పడితే మళ్ళీ కత్తిరించారు. అట్లా పోగా పోగా నేను చేరేనాటికి ఆ టేపు సున్నా దగ్గర కాక సరిగ్గా నాలుగు ఇంచుల దగ్గర మొదలయ్యేది. అంటే పది ఇంచుల పలకను కొలిస్తే పద్నాలుగు అని చూపించేది. అయినా మామ దాన్ని వదల్లేదు. "యాల పారెయ్యాల? కొలిచేదీ దీంతోనే, కోసేదీ దీంతోనే. తప్పు రెండుపక్కలా ఒకటే అయినబ్బుడు తప్పు యాడుండాది?" అనేవాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజం. మా షాపులో చేసిన ప్రతి మంచమూ, ప్రతి తలుపూ తాళం పడినట్టు కూర్చునేవి. కానీ నాకు ఆ టేపుతో జనం ఇళ్ళకు పోవాలంటే ప్రాణం చచ్చిపోయేది. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు చూస్తూ ఉండగా బ్యాగులోంచి తుప్పు పట్టిన ఆ తోకలేని పామును తీసి గోడమీద పరచడం! ఒకావిడ జాలిపడి "ఏమ్మా, మా ఇంట్లో మంచిది ఉండాది, తెచ్చేదా?" అని కూడా అడిగింది. ఆ మాట నన్ను మూడు రోజులు కోసింది.

అందుకే కుప్పం పని వచ్చినప్పుడు ఒక నిర్ణయానికి వచ్చేశాను. కుప్పంలో ఒక టైలరక్క. ఇన్నాళ్ళూ ఇంటి వరండాలో మిషను పెట్టుకుని కుట్టి, ఇప్పుడు బజారులో సొంతంగా చిన్న గది బాడుగకు తీసుకుంది. రెండు గోడల మధ్య ఇటునుంచి అటు పట్టేటట్టు గుడ్డల బీరువా ఒకటి, గుడ్డ కత్తిరించేదానికి బల్ల ఒకటి కావాలంది. మామ తన టేపును గుడ్డలో చుట్టి నా బ్యాగులో పెట్టి "బద్రం పాపా" అని బస్సెక్కించాడు. నేను తిన్నగా కుప్పం పోకుండా పుంగనూరులో దిగిపోయి, బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక హార్డ్‌వేర్ షాపులోకి నడిచాను. నా సొంత డబ్బుతో మంచి టేపు కొనాలి, కొత్త బీరువా దింపే రోజు అందరి ముందూ మామ చేతిలో పెట్టాలి. అదీ నా పథకం. ఆయన పరువు కాపాడే బాధ్యత ఆ దేవుడు నాకే ఇచ్చాడని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

షాపు పెద్దాయన నా ముందు ఏడెనిమిది టేపులు పెట్టాడు. నేను పండు ఏరుకున్నట్టు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. ఆయన ఓపికగా చెప్పుకొచ్చాడు. "రేకు ఎడల్పుగా ఉండాల. గాల్లో చాపితే వంగకుండా ఎంతదూరం నిలబడతాదో సూడు, ఒక్కదానివే కొలుసుకోవచ్చు. ఈ బొత్తం నొక్కితే యాడిదాడ నిలబడాల, జారకూడదు. అంకెలు గోటితో గీకి సూడు, రంగు లేసిపోతే వద్దు. ఇంట్లోకైతే మూడు మీటర్లది సాలు, నీ మాదిరి పనికి పోయేవాళ్ళకు ఐదుకు తగ్గకూడదు." అన్నీ బుద్ధిగా విన్నాను. కానీ చివరి కొక్కెం దగ్గర నాకూ ఆయనకూ చెడింది. ఏ టేపు చూసినా ఆ కొక్కెం కొంచెం ఊగుతోంది. "ఇదేంది, వదులుగా ఉండాది? గట్టిది ఇయ్యప్పా" అన్నాను. "అది ఊగాలమ్మా" అన్నాడు. "ఊడిపోతాది గదా?" "ఊడదమ్మా. బయట తగిలించి లాగితే రొంత ముందుకొస్తాది, లోపల గోడకు ఆనిస్తే రొంత ఎనక్కి పోతాది. ఆ కొక్కెం రేకు మందం కొలతలో కలవకుండా అట్ల సేసినారు." నేను నమ్మలేదు. నన్ను మోసం చేసి పాత సరుకు అంటగడుతున్నాడనుకుని ఏడు టేపుల కొక్కేలనూ వరుసగా ఊపి చూశాను. ఆఖరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "ఊగని కొక్కెం కావాలంటే నువ్వు ఇంకో ఊరు సూసుకోవాలమ్మా" అన్నాడు. అన్నిటికంటే తక్కువ ఊగినట్టు కనిపించిన పసుపుపచ్చది తీసుకుని, ఆయనకు మేలు చేసినట్టు ముఖం పెట్టి బయటపడ్డాను.

కుప్పంలో ఆ రోజు నా దర్జా చూడాల్సిందే. బొత్తం నొక్కడం, రేకు సర్రుమని చాపడం, వదిలితే టప్పుమని లోపలికి పోవడం. అవసరం లేకపోయినా కిటికీని కొలిచాను, గడపను కొలిచాను, టైలరక్క స్టూలును కూడా కొలిచాను. గోడకూ గోడకూ మధ్య ఎనభయ్యారు ఇంచులు వచ్చింది. టైలరక్క మెడలో వేసుకున్న గుడ్డటేపు తీసి తనూ ఒకసారి కొలుచుకుంది. "మాకు ఇదే అలవాటు పాపా. నాకూ ఎనభయ్యారే వచ్చింది" అని సుద్దముక్కతో గోడమీద 86 అని రాసిపెట్టింది. గుడ్డటేపు సాగుతుందనీ, దాన్ని నమ్ముకోకూడదనీ నేను ఆమెకు కాసేపు పాఠం చెప్పాను. (ముప్పై ఏళ్ళుగా కొలతలతో బతుకుతున్న మనిషికి!) ఆమె నవ్వి, నాకు రాగి మాల్ట్ ఇచ్చి పంపించింది. బల్ల ఎత్తు ముప్పై ఆరు ఉండాలంది. "బెంగళూరులో పెద్ద షాపుల్లో అట్లనే ఉంటాదంట" అంది. అదీ రాసుకున్నాను.

మదనపల్లెకు వచ్చాక మామ టేపు యథాప్రకారం దాని మేకుకు తగిలించాను. పసుపుపచ్చది నా బ్యాగులో దాక్కుంది. పది రోజుల్లో బీరువా, బల్ల తయారయ్యాయి. పాత చీరలు చుట్టి, తాళ్ళు కట్టి, చిన్న వ్యానుకెక్కించి నేనూ మామా బయల్దేరాం. మర్నాడు పొద్దున్నే టైలరక్క షాపు మొదలుపెట్టుకుంటుంది. అప్పటికే ఆహ్వాన పత్రికలు పంచేసింది కూడా. పుంగనూరు దాటగానే నాకు ఆగలేదు. బ్యాగులోంచి టేపు తీసి మామ ఒళ్ళో పెట్టాను. "మామా, ఇది నీకు." మామ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, రేకు బయటికి లాగి, వ్యాను అద్దం కొలిచి, డ్రైవరు భుజం కొలిచి, పసిపిల్లోడి మాదిరి సంబరపడిపోయాడు. "కొక్కెం బాగా ఊగతాండాది, మంచి సరుకు" అన్నాడు. (షాపు పెద్దాయనకు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.) "ఎప్పుడు కొన్యావు పాపా?" అన్నాడు. "ఆ పొద్దు కుప్పం పోతా పోతా కొన్యా మామా. నువ్వు తెల్లబోవాలని దాసిపెట్టినా" అన్నాను.

అన్నానో లేదో, ఆ మాట నా చెవిలోనే ఏదో తేడాగా మోగింది. కుప్పం పోతూ కొన్నాను. కుప్పంలో దీంతోనే కొలిచాను. మామ ఆ అంకెలు చూసి దేంతో కోశాడు? నెమ్మదిగా అడిగాను. "మామా, బీరువా మొత్తం ఆ పాత టేపుతోనే కోసినావా?" "ఇంక దేంతో కోస్తాను? నువ్వు కొలిచింది దాంతోనే గదా" అన్నాడు మామ, టేపు టప్పుమనిపించుకుంటూ. దారిపక్కన టమేటా తోటలు, పలమనేరు బస్టాండు, ఏవీ నా కంటికి కనిపించలేదు. వెనక చీరల్లో చుట్టుకుని హాయిగా పడుకుని ఉన్న బీరువా నాలుగు ఇంచులు పొట్టిదని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ మామ ఆ కొత్త టేపుతో ఇంకేదో కొలిచి "సూడు పాపా!" అని చూపించేవాడు. ఆ ముఖం చూసి నోరు మూసుకునేదాన్ని. దారిలో టైరు పంచరవుతుందేమో, లేదా రామకుప్పం వైపునుంచి ఏనుగులొచ్చి రోడ్డుకు అడ్డం నిలబడతాయేమో అని కూడా ఆశపడ్డాను. ఏనుగులు రాలేదు. టైరు పంచర్ కాలేదు. మేం అనుకున్నదానికంటే అరగంట ముందే కుప్పం చేరుకున్నాం.

బీరువా లోపలికి పోయింది. ఎంత సులువుగా పోయిందంటే, పట్టుకున్నవాళ్ళందరూ "అబ్బ, బలే కుదిరింది" అన్నారు. ఎడమ గోడకు ఆనించారు. కుడి పక్కన నా చేయి పట్టేంత సందు మిగిలిపోయింది. టైలరక్క మెడలోంచి గుడ్డటేపు తీసి ఆ సందుకు అడ్డం పెట్టి "నాలుగు ఇంచులు" అంది మెల్లగా. బల్ల దించారు, అదీ అంతే, ముప్పై రెండు. మామ నోటుబుక్కు తెరిచాడు, అందులో ఎనభయ్యారు ఉంది. తల ఎత్తి గోడ చూశాడు, సుద్దతో రాసిన ఎనభయ్యారు ఇంకా చెరగలేదు. తర్వాత తన జేబులో ఉన్న కొత్త టేపు వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు. ఆ చూపు ఒక్క క్షణమే. నేను నేలలోకి దిగిపోయేదానికి మంచి చోటు వెతుక్కుంటూ ఉన్నాను.

"నాదే తప్పమ్మా" అన్నాడు మామ, టైలరక్కతో. "కోసేటబ్బుడు నేనే లెక్క తప్పినా. ముసిలోన్నయినా గదా, కండ్లు సరిగా ఆనలేదు." "అయ్యో, రేపే గదన్నా షాపు! జనమంతా వస్తారు. ఈ సందు సూసి ఏమంటారు?" అంది టైలరక్క, చేతిలోని గుడ్డటేపును వేలికి చుట్టుకుంటూ. మామ ఆ సందులో చెయ్యి పెట్టి చూశాడు. గది మూలలో పెట్టుకున్న ఆమె సామాన్లు చూశాడు. "అమ్మా, ఈ పొడుగు స్కేళ్ళు, వంపు చెక్కలు, చుట్టలు చుట్టిన ఈ కాయితాలు యాడ పెట్టుకుంటావు?" "మూలలో పడేస్తానన్నా. మనవరాలు తొక్కి రెండు ఇరగదొక్కింది." మామ బయటికి నడిచాడు. ఎందుకైనా మంచిదని వ్యానులో వేసుకొచ్చిన పలక ముక్కలు, రంపం దించి, వీధి అరుగు మీద కూర్చుని కోశాడు. (కొత్త టేపుతో. ప్రతి ముక్కా నన్ను పిలిచి పట్టుకోమన్నాడు.) పొద్దు వాలేలోపల బీరువా పక్కన నిలువుగా సన్నటి గూడు ఒకటి లేచింది, స్కేళ్ళూ కాయితాల చుట్టలూ నిలబెట్టుకునేదానికి. ఏదో ముందే అనుకుని చేసినట్టు అందంగా కుదిరింది.

బల్ల సంగతి దేవుడే చూసుకున్నాడు. దాన్ని ఎత్తు చేసేదానికి కాళ్ళకింద దిమ్మెలు పెట్టబోతే, టైలరక్క ఒకసారి గుడ్డ పరిచి కత్తెర పట్టుకుంది. ఆమె ఐదు అడుగులు కూడా ఉండదు. రెండు సార్లు కత్తెర ఆడించి "దిమ్మెలు ఏమీ వద్దన్నా, ఇట్లనే ఉండనీ. భుజం నొప్పి లేదు" అంది. వచ్చేటప్పుడు మాకు ఒక మూట నిండా చింతపండు ఇచ్చింది కూడా. తిరుగు దారిలో మామ నిద్రపోయాడు. నేను మదనపల్లె దాకా కళ్ళు మూయలేదు. రేపు చెప్తాను అనుకున్నాను. రేపు పోయి ఎల్లుండి అయింది, ఎల్లుండి పోయి నెల అయింది. తర్వాత చెప్పేదానికి సిగ్గయిపోయింది. ఆ షాపులో ఇంకో ఆరేళ్ళు పని చేశాను. ఎవరైనా కుప్పం అంటే చాలు, పెన్సిలు కింద పడేసుకుని బల్ల కిందికి దూరేదాన్ని.

పోయిన నెల మామను చూసేదానికి వాళ్ళింటికి పోయాను. మామకు ఇప్పుడు చెవి సరిగా వినపడదు. వరండాలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఉన్నాడు. ఎందుకో ఆ రోజు ఆయన చేతులు చూస్తూ చూస్తూ నాకు ఇంక దాచుకోబుద్ధి కాలేదు. కాఫీ తెచ్చిన అత్తను కూర్చోబెట్టి, పుంగనూరునుంచి కుప్పం దాకా మొత్తం చెప్పేశాను. తప్పు ఆయనది కాదు, నాదే అన్నాను.

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వింది. "ఇన్నేండ్లకు సెప్పినావా తల్లీ! ఆ పొద్దు ఇంటికొస్తానే మీ మామ సెప్పినాడు. 'పాప బయపడిపోయిండాది, ఎవురూ అడగబాకండి, అడిగితే రేపట్నించి పనికి రాదు' అని షాపులో అందరికీ గట్టిగా సెప్పిపెట్టినాడు. నువ్వు కుప్పం పేరు వింటానే బల్ల కింద దూరతావని పనోళ్ళు కావాలనే కుప్పం, కుప్పం అనేవాళ్ళంట గదా!"

నేను మామ వైపు చూశాను. మా మాటలు ఆయనకు వినపడ్డాయో లేదో తెలీదు. ఒలిచిన గింజలు గుప్పెడు నా చేతిలో పోసి "తిను పాపా, సన్నబడిపోయినావు" అన్నాడు. ఆరేళ్ళపాటు ఆ షాపులో, అందరికీ తెలిసిన రహస్యాన్ని గుండెలో దాచుకుని, ఎవరూ కనిపెట్టలేదులే అని తల ఎగరేసుకుంటూ తిరిగిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. పాపం, ఎంత బాగా నటించానని అనుకునేదో!