ఎవరి చోటు వాళ్ళు గీసుకున్న రోజు

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే మా పర్సుడీహ్‌లో మా ప్రాథమిక పాఠశాల వెనక ఉండి, ఇప్పుడు లేనివాటి లెక్క ముందు చెబుతాను. నేరేడు చెట్టు వేళ్ళ మధ్య పిల్లలు ఇరుక్కుని కూర్చునే చోట్లు ఏడు. గోళీల గుంటలు పదకొండు. తొక్కుడుబిళ్ళ గళ్ళు మూడు జతలు. ఎవరో పడేసి పోయిన సిమెంటు గొట్టంలో నలుగురికి చోటు. సగం కూలిన పిట్టగోడ మీద తొమ్మిది మందికి. బోర్లా పడుకుని చూడడానికి చీమల పుట్టలు రెండు. వాన పడితే కాగితం పడవలు వదిలే కాలువ ఒకటి. మొత్తం ముప్పై ఏడు. చెట్టును ఇందులో కలపలేదు. నీడను కొలవడం అప్పటికి నాకు రాదు.

ఈ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. ముప్పై ఏళ్ళుగా ఆ బడి పిల్లలకే యూనిఫారాలు కుడుతున్నాను. కొలిచి, రాసుకుని, మళ్ళీ కొలవనిదే కత్తెర పట్టను. అందుకని నా అంకెల మీద నాకు నమ్మకం ఉంది. కోపం కూడా ఆ అంకెల మీదే నిలబడి ఉంది.

అప్పుడు నాది మూడో తరగతి. ఆట విరామంలో నన్ను ఏ జట్టూ పిలిచేది కాదు. ఎవరు తొండి చేసినా లెక్కతో సహా బయటపెట్టేదాన్ని, అదీ కారణం. గోడవారన నిలబడి అందరి ఆటలూ లెక్కపెడుతూ ఉండేదాన్ని. బడిలో కుండలకు నీళ్ళు నింపే ఆవిడను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి భర్త పని వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అక్షరం రాదు.

ఒకరోజు సర్కారు ఆఫీసు బాబు ఒకాయన చంకలో నక్షా, అంటే కట్టడం ప్లాను, పెట్టుకుని వచ్చాడు. సామాన్ల గది కట్టాలట. మా హెడ్మాస్టారు వెంటరాగా బడి వెనక్కి వచ్చి, చుట్టూ చూసి, "అరే, యే తో సబ్ ఖాలీ హై," అన్నాడు. అప్పుడు అక్కడ నలభై మందికి తక్కువ లేం. కొందరం చెట్టు వేళ్ళ మధ్య, కొందరం గొట్టంలో. మమ్మల్ని చూస్తూనే ఆ మాట అన్నాడు. హెడ్మాస్టారు తలాడించి ఆయన్ని టీకి తీసుకువెళ్ళారు.

హిందీ అంతంతమాత్రమే అయినా పెద్దమ్మకు ఆ ఒక్క మాట తెలుసు. "ఖాళీయా? ఏటి ఖాళీ? ఆడి బుర్ర ఖాళీ!" అంటూ బిందె దించింది. ఆ వారం గోడలకు వెల్ల వేస్తున్నారు. మిగిలిన సున్నం బకెట్టు ఈడ్చుకొచ్చి మా మధ్య పెట్టింది. "ఎవుల చోటు ఆలు గీసీయండర్రా. ఆ బాబు టీ తాగి వచ్చీతలికి అయిపోవాల," అంది.

అందరం కొబ్బరి పీచు ముంచుకుని గీశాం అని రాస్తే అబద్ధం. అందరూ గీశారు, నేను నిలబడ్డాను.

"నువ్వేటే అమ్మీ, దిష్టిబొమ్మలాగ?"

"నాకు చోటు లేదు పెద్దమ్మా. నేను లెక్కెడతాను, అంతే."

"లెక్కెట్టీదానికి కాళ్ళు నేవేటే?" అని, కూర్చుని, నా రెండు పాదాల చుట్టూ తనే గీత గీసింది. సున్నం చల్లగా తగిలింది.

బాబు తిరిగి వచ్చేసరికి అడుగు పెట్టడానికి జాగా లేదు. పెట్టిన అడుగు గోళీల గుంటలో పడితే, ఒకటో తరగతి పిల్లవాడు, "ఓ మేరా హై!" అని, అది తనదని అరిచాడు. బాబు నవ్వి, ఎన్ని ఉన్నాయి ఇలాంటివి అని అడిగాడు. నేను లెక్క సిద్ధంగా పెట్టుకున్నాను కదా, "సైంతీస్," అని ముప్పై ఏడు చెప్పాను. పెద్దమ్మ నా నెత్తిన మొట్టింది. "నిన్నెక్కడ ఎట్టినావే ఆ లెక్కలో?"

కిందికి చూసుకున్నాను. నా పాదాల చుట్టూ ఉన్న గీతను నేనే మరిచిపోయాను. "అడ్తీస్," అని ముప్పై ఎనిమిదికి దిద్దాను.

"ఠీక్ హై, అడ్తీస్," అన్నాడు బాబు. గది ఇక్కడే కడతామనీ, ఇవన్నీ తూర్పు వైపున మళ్ళీ చేసి ఇస్తామనీ హెడ్మాస్టారి ముందు మాట ఇచ్చాడు. గది లేచింది. నేరేడు చెట్టు పోయింది. తూర్పు వైపుకు ముందు ఇనుప తుక్కు వచ్చింది, తరవాత బోరు పంపు, ఆ తరవాత స్కూటర్లు. బడికి ఎవరు అధికారి వచ్చినా పెద్దమ్మ నీళ్ళ గ్లాసు అందిస్తూ, "మా ముప్పయ్యెనిమిదీ ఎప్పుడు బాబూ?" అని అడిగేది. పని మానేసే రోజు వరకూ అడిగింది. వాళ్ళు నవ్వేవారు. మాట తప్పినందుకు కాదు, ఆ నవ్వుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడాది మళ్ళీ ఒక నక్షా వచ్చింది. బయట ఆడుతూ నేర్చుకునే స్థలమట. బడి కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి సంతకానికి పిలిచారు. నక్షా గీసిన అమ్మాయి చిన్నది, మర్యాదస్తురాలు. బెంచీల ఎత్తు పద్దెనిమిది అంగుళాలని రాసింది. ఒకటో తరగతి పిల్లకు నేల నుంచి మోకాలి మడత పదకొండు. ఎన్ని వందల నిక్కర్లు కుట్టాను, నాకు తెలియదా? "పద్దెనిమిది ఎవరికమ్మా, నీకా నాకా?" అని అడిగితే, "స్టాండర్డ్ సైజ్ హై, ఆంటీ," అంది. రబ్బరు చాప పరిచే చోట మే నెల ఎండకు నీడ ఏదని అడిగాను. తరవాత చూద్దామంది. అక్కడ ఇప్పుడు ఏముందని అడిగాను.

"కుఛ్ నహీ, ఆంటీ. ఖాలీ హై."

నేను అరిచాను. గది బయటికి వినబడేంతగా అరిచాను. సిగ్గుపడలేదు.

మర్నాడు సున్నం కలుపుకుని వెళ్ళి పిల్లల్ని పిలిచాను. ఎవరి చోటు వాళ్ళు గీసుకోండి అన్నాను. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతి, "హమారా జగహ్? కౌన్ సా?" అని, మా చోటంటే ఏదని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగా తెలియక అడిగింది. విరామంలో వీళ్ళను వరండా దాటనివ్వడం లేదని అప్పుడు తెలిసింది. మా దగ్గర తీసుకున్నది జాగా మాత్రమే. వీళ్ళకు చోటు అనేది ఒకటి ఉంటుందనే సంగతే తెలియకుండా చేశారు.

చివరికి ఆ పిల్లే తన పాదాల చుట్టూ గీసుకుని, ఎవరైనా తిడతారేమోనని చూసింది. దాన్ని చూసి ఇంకో నలుగురు గీశారు. ఆ ఐదూ వాళ్ళవి. పాత లెక్కలోంచి వాటిని తగ్గించుకోనివ్వను.

నక్షా మీద సంతకం పెట్టలేదు. ముందు పిల్లల్ని కొలవమన్నాను, తరవాత చోట్లు అడగమన్నాను. ఆ అమ్మాయి టేపు తీసుకుని వస్తానంది. రానీ, చూస్తాను. ఎక్కడ ఏది లెక్కపెట్టినా, నా నెత్తిన ఆ మొట్టికాయ ఇప్పటికీ చురుక్కుమంటుంది. మొదట రాసిన మొత్తంలో, చూశారా, మళ్ళీ నన్ను వదిలేశాను. దిద్దుతున్నాను. ఆ బడి పిల్లలకు నేటికి ఇవ్వవలసిన చోట్లు ముప్పై ఎనిమిది.