పన్నెండో ప్యాచ్ ముందు నేను పెట్టిన గుర్తు

ఆ పని చేసింది నేనే. ఆమె కాదు. ఆఫీసులో ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఈ మాట ఇక మార్చను.

ఎన్నూరు రోడ్డు మీద తిరిగే లారీలకు బిగించే ట్రాకింగ్ పెట్టెలు మేము మాధవరంలో తయారుచేస్తాం. లోపల నడిచే కెర్నల్, అంటే పెట్టెను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, మాది కాదు, బయటినుంచి తెచ్చుకున్నది. మా పెట్టెకు సరిపడేలా అందులో చేసే మార్పులు ఒక్కొక్కటీ ఒక్కో ఫైలు. వాటినే ప్యాచ్‌లంటాం. ఏది ముందు పడాలో, ఏది తరవాతో ఒక జాబితాలో ఉంటుంది. వరస తప్పితే బిల్డ్, అంటే ఇవన్నీ కలిపి పెట్టెలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ తయారయ్యే పని, ఆగిపోతుంది. ఆ జాబితాను చూసుకునేది వ్యాసర్పాడి నుంచి వచ్చే ఒక అమ్మాయి, కాంట్రాక్టు మీద. ప్రతి ప్యాచ్ పైనా అది ఎందుకు అవసరమో రెండు ముక్కలు రాసేది. అంత శ్రద్ధ నాకెప్పుడూ లేదు.

పన్నెండోది ఆమె రాసినదే. పెట్టె పనిచేయకుండా బిగుసుకుపోతే దానంతటదే మళ్ళీ మొదలయ్యేలా చేస్తుంది. కొత్త కెర్నల్‌కు మారినప్పుడు అది పడలేదు; అడుగున కోడ్‌లో లైన్లు జరిగిపోయాయి. ఆరోజు ఆమె సెలవు. సాయంత్రానికి పెట్టెలు వెళ్ళాలి. జాబితాలో దాని పేరు ముందు ఒక # గుర్తు పెట్టాను. అలా పెడితే బిల్డ్ ఆ ప్యాచ్‌ను వదిలేసి ముందుకు పోతుంది. రేపు చూద్దామనుకున్నాను. మరిచిపోయాను.

ఎండల్లో పెట్టెలు బిగుసుకుపోయాయి. డ్రైవర్లు వైరు పీకి మళ్ళీ పెడితే తప్ప లేవలేదు. మీటింగులో మేనేజరు, జాబితా ఎవరిదని అడిగాడు. బిల్డ్ మెషీన్‌లో అందరికీ ఒకటే లాగిన్. గుర్తు ఎవరు పెట్టారో, ఏరోజు పెట్టారో అందులో తెలియదు.

"నేను రాసిన ప్యాచ్‌ని నేనే ఎందుకు తీస్తా సార్? ఆ దినం మెషీన్ ముందర ఎవరు కూర్చోనుండారో అడగండి" అని ఆమె నావైపు చూసింది. నేను లాప్‌టాప్ వైపు చూశాను. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఈ ఏడు మళ్ళీ కెర్నల్ మారింది. ప్యాచ్‌లన్నీ నేనే కూర్చుని సర్దాను. పన్నెండోదాని పైన, ఆమె రాసిన ముక్కల కింద, ఇలా చేర్చాను: ఈ ప్యాచ్ సరైనదే. పోయినసారి దీన్ని ఆపింది నేను. నింద ఆమె మీద పడింది. కింద నా పేరు పెట్టాను.

మేనేజరు పిలిచాడు. "ఇది కోడ్ పా, పాపాలు చెప్పుకునే చోటు కాదు. తీసెయ్."

తియ్యనన్నాను. కోడ్ కస్టమర్లకూ ఇస్తాం, వాళ్ళు చూస్తారన్నాడు. చూడనీ అన్నాను. ప్యాచ్ పైన దాని సంగతి రాయడం ఈ ఆఫీసు పద్ధతే కదా, నేను చేసిందీ అదేనన్నాను.

ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు.

"శానా లేటన్నా" అంది. తరవాత, "ప్యాచ్ నీట్‌గా పడిందా?"

పడిందన్నాను.

"అయితే ఆ రాసింది ఎవురినీ తీయనీబాకండి."

మర్నాడు మేనేజరుకు చెప్పాను: దాన్ని ఎవరు తీసినా, తీసినవాళ్ళ పేరు కూడా అక్కడే, దాని కిందే రాస్తానని.