తగ్గిపోయిన నొప్పి

మా చిన్నాయన పోయి పదకొండు రోజులైంది. బంగారు గనిలో అన్నేళ్లు భూమి అడుగున పనిచేసి క్షేమంగా పైకి వచ్చిన మనిషి అపెండిసైటిస్‌తో పోయారంటే ఎవరూ నమ్మడం లేదు. నేనే నమ్మలేకపోతున్నాను.

అమ్మానాన్నలు లేని నన్ను పెంచింది ఆయనే. గని మూతపడ్డాక మాలూరు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరారు. రైలు దిగి వస్తూ నాకోసం శనక్కాయల పొట్లం కొని, దారిలో సగం తానే తినేసేవారు. అడిగితే, "టీసీ లాక్కొన్యాడమ్మా" అనేవారు. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఆ పొట్లం మానలేదు, ఆ అబద్ధమూ మానలేదు.

ఆ రోజు మధ్యాహ్నమే నడుం వంచుకుని ఇంటికొచ్చారు. పొద్దున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందట. అన్నం వద్దన్నారు, వాంతి చేసుకున్నారు. దగ్గితే ప్రాణం పోయినట్టుందన్నారు.

"ఆస్పత్రికి పోదాం చిన్నాయనా."

"యాడికీ వద్దు. బొడ్డు జరిగుండాది, అంతే. రవ్వంత ఆముదం రాయి."

మా ఇళ్లలో కడుపునొప్పికి మొదటి వైద్యం అదే. మా అవ్వ ఆముదం రాసి కడుపు తోమేది, నేనూ అలాగే తోమాను. ఆయన పళ్లు బిగబట్టి పడుకున్నారు.

మర్నాడు పొద్దున నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. "చూస్తివా నీ చేతి మహిమ! ఇంగ డాక్టరెందుకు?" అని నవ్వారు. నేను పొంగిపోయాను. గనిలో బండ పగిలే చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకా భయపడాలని నాకు చెప్పింది ఆయనే. ఆ పొద్దున మా ఇద్దరికీ ఆ మాట గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మళ్లీ ఆముదం రాయబోతే కడుపు చెక్కలా తగిలింది. చెయ్యి కూడా కడుక్కోకుండా ఆటో పిలిచి, రాబర్ట్‌సన్‌పేటలోని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"అపెండిక్స్ పగిలిందమ్మా. పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గుతుంది, అది నయమైనట్టు కాదు. నిన్ననే వచ్చుంటే..." అని డాక్టరు ఆగిపోయారు. ఆపరేషన్ చేశారు. అప్పటికే చీము కడుపంతా పాకింది. మూడో రోజు పోయారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నొప్పి వస్తే తోమకండి, విరేచనాల మందు తాగించకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తగ్గిందన్నా వినకండి. నేను విన్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆయన్ని మంచం మీద పరీక్షిస్తూ, కడుపు మీది ఆముదం చూసి డాక్టరు గట్టిగా అడిగారు, "ఎవరు తోమింది దీన్ని?"



"నేనే రాసుకొంటిని సార్. మా పాప వద్దనే చెప్పింది," అన్నారు చిన్నాయన. అంటూనే, జిడ్డుగా మెరుస్తున్న నా చేతిని మెల్లగా తన దుప్పటి కిందికి లాక్కున్నారు.