మూడు బోర్డుల మీద ఒకే ఎరుపు

నిరుడు కార్తీకమాసం చివరి గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అది మొదలైంది. దెయ్యాలనీ శకునాలనీ నేను ఒక్కనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా ఉద్యోగమంతా గ్రాఫిక్స్ డ్రైవర్లు రాయడంలో గడిచింది. కంప్యూటర్ లోపలి బొమ్మను తెర మీదికి చేర్చే ప్రోగ్రాము అది. ఒకసారి సి భాషలో రాసిన కోడు, చిప్పు ఏ కంపెనీదైనా, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా, అక్షరం మార్చకుండా నడవాలి. ఆ విషయంలో నేను మొండిదాన్నని తోటివాళ్లు అనేవారు. నిజమే.

రిటైరయ్యాక అరకు దగ్గర ఒక ఊళ్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ఆ ఊరి కాఫీ రైతులు కలిసి పళ్లు ఏరే యంత్రం ఒకటి పెట్టుకున్నారు. పళ్లు బెల్టు మీద వెళుతుంటే కెమెరా చూసి, పచ్చికాయ ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. తెరను నడిపే బోర్డు తరచూ చెడిపోయేది. చవకగా దొరికిన ఏ బోర్డు తగిలించినా పనిచేసేలా డ్రైవరు తిరిగి రాసిస్తానన్నాను.

పక్కింటి సొంబారి తోట ఊరికి పైన కొండవాలులో ఉంది. భర్త పోయాక ఇల్లు గడిచేది ఆ కాఫీ మీదే. ఆ ఊళ్లో కోత ఎప్పుడు మొదలుపెట్టాలో దిసారి చెబుతాడు. దిసారి అంటే మంచిరోజు చూసే పూజారి. ఆయన పెట్టిన రోజు తప్పితే, మళ్లీ రోజు పెట్టించుకునేదాకా చెట్టు మీద చెయ్యి వేయరు. సొంబారికి పెట్టిన రోజు శుక్రవారం. పండు బాగా ముదిరి ఉంది. తుపాను వాన విడవకుండా కురుస్తోంది. శుక్రవారం కోయకపోతే ఏడాది పంట రాలి బురదలో కలిసిపోతుంది.

గురువారం యంత్రం ఉన్న షెడ్డులో డ్రైవరు పరీక్షిస్తున్నాను. ముందుగా తెర మెమరీనంతా గులాబీ రంగుతో నింపడం నా అలవాటు. డ్రైవరు గీయకుండా వదిలేసిన చోటు గులాబీగా బయటపడుతుంది. కెమెరా తీగ ఊడదీసి పక్కన పెట్టాను. గీయడానికి ఏ బొమ్మా లేదు కనుక తెరంతా గులాబీగా ఉండాలి.

తెర మీద కొండవాలు కనిపించింది. మంచు, చెట్లు, మధ్యలో పైనుంచి కిందిదాకా వెడల్పాటి ఎర్రటి చీలిక.

పాత బొమ్మ ఏదో మెమరీలో మిగిలిందనుకున్నాను. కానీ ఆ కెమెరా ఎప్పుడూ బెల్టును తప్ప మరొకటి చూడలేదు. కరెంటు తీసి, కాసేపాగి పెట్టాను. మళ్లీ అదే.

బోర్డు మార్చాను. కొత్తది వేరే కంపెనీది, ఆ ఉదయమే అట్టపెట్టెలోంచి తీశాను. అదే కోడు దానికి కంపైల్ చేస్తే అదే వాలు వచ్చింది.

మూడోది ఇంటి నుంచి తెచ్చుకున్న పాత బోర్డు. అది బైట్లను తలకిందుల వరసలో దాచుకుంటుంది. తెర మీద ఉన్నది నా కోడు తప్పువల్ల పడిన బైట్ల చెత్తే అయితే, ఈ బోర్డు మీద రంగులు తారుమారై ఎరుపు నీలంగా కనబడాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాంటి తప్పులను వెతికి పట్టుకున్నదాన్ని, చూడగానే పోల్చుకోగలను. నీలం కోసం చూశాను.

చీలిక ఎర్రగానే ఉంది.

అప్పుడే సొంబారి, రేపటికి యంత్రం సిద్ధమవుతుందా అని అడగడానికి వచ్చింది. తెర దగ్గరకు వంగింది.

"ఇది మా తోటే కదేటమ్మా? అదిగో, మా పనసచెట్టు. ఆ ఎర్రదేటి? కొండకి పొట్ట సీరినట్టుంది."

నా మోకాళ్ల నొప్పులతో నేను ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ తోట ఫోటో నా దగ్గర లేదు.

ఆమె మరిది బుద్రు గుమ్మంలోంచే తెర చూసి నవ్వాడు. "వదినా, అమ్మగారి టీవీలో సీరియలు ఏత్తన్నారు, సూసుకొని తాపీగా రా. రేపు పండు పిట్టలు కోత్తాయిలే."

సొంబారి నవ్వలేదు. "నీ మిషను అబద్ధమాడతాదేటమ్మా?" అని నన్ను అడిగింది.

"ఆడుతుంది. కానీ మూడు మిషన్లు కలిసి ఒకే అబద్ధం ఆడడం నేనెప్పుడూ చూడలేదు," అన్నాను.

ఆమె రోజు మార్చమని అడగడానికి వానలోనే దిసారి ఇంటికి వెళ్లింది. ఆయన తిట్టి, మరో వారం దాకా రోజు లేదన్నాడు. అయినా కోతకు పిలిచిన ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, రేపు రావద్దని చెప్పి వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే బుద్రు ఒక్కడూ బుట్ట, కొడవలి పట్టుకొని, మేకలను తోలుకొని తోటకెక్కాడు. పెట్టిన రోజు పోనివ్వకూడదని అతని పట్టుదల. కాసేపటికి అన్నీ అక్కడే వదిలి దిగి వచ్చాడు. చుట్టలు ఇంట్లో మరిచాడట.

"పనెగ్గొట్టడానికి సుట్టొక సాకా?" అంది సొంబారి.

"నీ కొండ నిలబడే ఉందిలే, బేగి నిప్పియ్యి," అన్నాడతను.

అతను పొయ్యి దగ్గర చుట్ట అంటించుకుంటుండగా కొండ మీంచి చప్పుడు వచ్చింది. లారీ లోంచి రాళ్లు ఒంపినట్టు మొదలైంది. లారీ రాళ్లయితే అయిపోవాలి. అది ఆగలేదు. బుద్రు నోట్లో చుట్ట అలాగే ఆరిపోయింది.

మంచు విడిచాక అందరం బయటికి వచ్చి చూశాం. పైనుంచి కిందిదాకా ఎర్రటి చీలిక. పనసచెట్టు తెర మీద ఉన్న వైపే నిలబడి ఉంది.

సాయంత్రం మూడు బోర్డులనూ మళ్లీ పెట్టి చూశాను. మూడూ గులాబీగా ఉన్నాయి. కోడులో ఒక్క అక్షరం మార్చలేదు. తర్వాత, ఏమీ చెప్పకుండా, పాత సహోద్యోగులిద్దరికి ఆ కోడు పంపాను. బొమ్మ పుట్టించగల తప్పు అందులో లేదన్నారు. వయసు మీదపడి నా కళ్లే మోసపోయాయని అనుకుందామంటే, పక్కన సొంబారి కూడా చూసింది. బుద్రు కూడా చూశాడు. నాకు కారణం తెలియదు. ఇప్పటికీ తెలియదు.

పోయినవి: సొంబారి తోటలో సగానికి పైగా కాఫీ మొక్కలు. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు పదకొండు. ఆ ఏటి పండు మొత్తం. మేకలు రెండు. బుట్ట ఒకటి, కొడవలి ఒకటి. మనుషుల్లో ఎవరూ లేరు.