మోటారు ఆపినా ఆగని చప్పుడు

దయ్యాల మాట మా ఇంట్లో ఎప్పుడూ నవ్వులాటే. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా అమ్మ బీడీలు చుట్టి నన్ను పెంచింది. వాడకట్టులో ఫలానా వాళ్లకు గాలి సోకిందని ఎవరైనా చెబితే, ఒళ్లో చాట మీంచి తల కూడా ఎత్తకుండా "గాలి సోకితే తుమ్ములొస్తయ్, గంతే" అనేది. నేనూ అలాగే తయారయ్యాను. నడి వీధిలో దిష్టి నిమ్మకాయ కనిపిస్తే పక్కకు జరగను, తొక్కుకుంటూ పోతాను. ఇవాళ్టికీ అంతే. ఈ సంగతి ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివాక నన్ను ఇంకో రకం మనిషి అనుకునే వీలుంది.

తొంభైల మొదట్లో జరిగింది ఇది. పెళ్లై భవాని పేట్ వచ్చాక మాది కింద కార్ఖానా, పైన ఇల్లు. కార్ఖానాలో మరమగ్గాలు నడిచేవి. మేం వాటిని సాంచాలంటాం. వాటి మీద టవళ్లు నేసేవాళ్లు. అవి నడుస్తున్నంతసేపూ పైన గూట్లో గ్లాసులు సన్నగా మోగుతుండేవి, అరికాళ్ల కింద నేల వణుకుతుండేది. కొత్తలో తలనొప్పి వచ్చేది. తర్వాత్తర్వాత కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేదాన్ని.

మా మామ పేరు రాజేశం. చిన్నప్పటినుంచీ సాంచాల మధ్యనే బతికిన మనిషి. దానికి మూల్యం ఆయన చెవులు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయనకు ఏమీ వినపడదు. డాక్టరు చెవికి పెట్టుకునే మిషన్ ఇప్పించాడు గానీ దానివల్లా లాభం లేకపోయింది. దీపావళికి పిల్లలు ఆయన కుర్చీ వెనకే లక్ష్మీ బాంబు పేల్చినా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. మిగతాది చేతి సైగలు. కార్ఖానాలో పనివాళ్లంతా మాట్లాడుకునేది అలాగే కాబట్టి ఇంట్లో ఎవరికీ అది లోటుగా అనిపించలేదు.

మా ఆయన అంబాదాస్‌కు యంత్రాల పిచ్చి. ఆయన స్నేహితుడు మారుతి మరాఠీవాడు, ఉజని ఆనకట్ట నీళ్ల ఒడ్డున ఉండే ఊరివాడు. పొలం నీళ్లలో మునిగాక కొన్నాళ్లు షోలాపూర్‌లో నూలు బేళ్ల టెంపో నడిపాడు. తర్వాత ఒక చిన్న ఫైబర్ పడవ కొని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని దాటించే పని పెట్టుకున్నాడు. మా ఆయన అందులో భాగస్థుడు. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి అక్కడికి పోయేవాడు.

ఆ పడవ వెనకవైపు, మోటారు బిగించే చెక్కకు ఒక రేకు ముక్క కొట్టి ఉండేది. పది హార్స్ పవర్‌కు మించిన మోటారు పెట్టొద్దని దాని మీద రాసుంది. ఉన్న మోటారు ఎనిమిది హార్స్ పవర్‌ది, పాతది.

ఒకసారి నేనూ ఆ పడవెక్కాను. వానలకు ముందు ఈదురుగాలులు లేచే రోజులు. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి గాలి ఎదురు తిరిగింది. మోటారు శక్తికొద్దీ అరుస్తోంది, పడవ మాత్రం వెనక్కి పోతోంది. మేం పోవాల్సిన రేవు ఎక్కడో మిగిలిపోయి, రాళ్లున్న గట్టు వైపు కొట్టుకుపోయాం. ఎలాగో బతికి బయటపడ్డాం.

అందుకే మా ఆయన పెద్ద మోటారు కొంటానన్నప్పుడు నేను ఆయన పక్కనే నిలబడ్డాను. బొంబాయిలో పాత సామాన్ల బజారులో ఇరవై అయిదు హార్స్ పవర్‌ది దొరికిందని ఎవరో కబురు చేశారు.

మామ ససేమిరా అన్నాడు. అన్నాల దగ్గర గొడవ.

"పడవ డబ్బా ఎంత, మోటర్ ఎంత? రేకు మీద పది అని రాసిండ్రు గద" అన్నాడు మామ.

మా ఆయన ఆయనకు ఎదురుగా జరిగి కూచుని, పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు. "కంపెనీవాళ్లు ఎప్పుడూ కమ్మీనే రాస్తరు బాపు. రేపు గాలి లేస్తే నడుమల ఆగి సచ్చుడేనా? తాకత్ ఉంటే గాలిని కోసుకుని ఒడ్డుకొస్తం. ఉన్నదంతా వాడాల్నని ఏముంది? సగమే తిప్పుత."

"సాంచాకు పెద్ద మోటర్ పెట్టి సగమే తిప్పుత అన్నోడు ఎవడన్న తిప్పిండా? చేతిల తాకత్ ఉంటే చెయ్యి ఊకుంటదా?" అన్నాడు మామ. "సాంచా దౌడుతది. నాడె ఎగిరి బయటికొస్తది. ఎదురుంగ ఉన్నోని కండ్లు పోతయ్."

నాడె అంటే నూలు కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క. దాని కొసలకు ఇనుప మొనలుంటాయి. సాంచా అదుపు తప్పితే అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది.

"పడవల నాడె ఏంది బాపు" అని మా ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మామ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మోటారు వచ్చింది. మా ఆయనా మారుతీ ఇద్దరే పడవలో కూచుని నడిపి చూశారు. పడవ ముక్కు పైకి లేపి పరుగెత్తిందని ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా చెప్పాడు.

తర్వాత కొద్దిరోజులకే మారుతి వాళ్ల అన్న మనవడికి బారసాల అని పిలుపొచ్చింది. ఇల్లు ఆ ఒడ్డున. నేను, మా ఆయన, మా సుజాత బయల్దేరాం. సుజాత అప్పుడు బాల్వాడికి పోతోంది. మామ రానన్నవాడల్లా చివరి నిమిషంలో చెప్పులేసుకున్నాడు.

"పోరి పోతుంది గద, నేనొస్త" అన్నాడు.

ఎండ బాగా ఉంది. గాలి లేదు. నీళ్లు పలకలా ఉన్నాయి. పడవ ముక్కు లేవకుండా బరువు కోసం మారుతి ముందు కూచున్నాడు. అతని వెనక నేను, ఒళ్లో లడ్డూల స్టీల్ డబ్బా. మధ్య చెక్క మీద మామ, ఆయన పక్కన సుజాత. వెనక మోటారు పిడి పట్టుకుని మా ఆయన.

ఒడ్డు దగ్గర నెమ్మదిగానే పోనిచ్చాడు. రేవు బాగా వెనకబడ్డాక "గట్టిగ పట్టుకోండ్రి!" అని అరిచాడు. ఇప్పుడు పిడి పూర్తిగా తిప్పుతాడన్నమాట. నేను డబ్బాను పొట్టకు అదుముకున్నాను.

అప్పుడు మామ లేచి నిలబడ్డాడు.

అంత చిన్న పడవలో మనిషి నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. మారుతి వెనక్కి తిరిగి "ఖాలీ బసా, ఖాలీ బసా!" అని, కూచోమని కేకలు పెట్టాడు. మామ ఎవరి వైపూ చూడలేదు. కార్ఖానాలో సాంచా ఆపమని చేసే సైగ చేశాడు, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ.

"బంద్ చెయ్! సాంచా బంద్ చెయ్!"

"ఏం సాంచా బాపు? మోటర్ అది! కూసో!"

"మోటర్ గాదు. కింద సాంచా నడుస్తుంది. దౌడుతుంది. నాడె బయటికొస్తది, బంద్ చెయ్!"

ఆయన నీళ్లలో పడిపోతాడన్న భయంతో మా ఆయన మోటారు ఆపేశాడు.

నాకు బాగా గుర్తుంది, మొదట నిశ్శబ్దం వచ్చింది. పడవ తానుగా కొంచెం జారింది. మోటారును లాగి మొదలుపెట్టే తాడు వదులుగా వేలాడుతోంది.

తర్వాత అది నాకూ వినిపించింది.

పడవ అడుగున, మా కాళ్ల కింద, సాంచా నడుస్తోంది. ఖట్ ధడ్, ఖట్ ధడ్. నాడె పోయి తగిలే చప్పుడు ఒకటి, పోగును కొట్టే చప్పుడు ఒకటి. ఆ రెండో చప్పుడు దగ్గర పడవ నేల వణికింది, మా ఇంట్లో నేల వణికినట్టే. నా ఒళ్లో డబ్బా మూత సన్నగా మోగడం మొదలుపెట్టింది. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన ఒక చెయ్యి మోటారు మీద ఆనించి ఉంచాడు, ఇంకా తిరుగుతోందేమో చూడ్డానికి. అది తిరగడం లేదు.

చప్పుడు జోరందుకుంది. సాంచాల ఇంట్లో ఉన్నవాళ్లకు ఏ వేగం మామూలో, ఏ వేగం ప్రమాదమో చెవికే తెలిసిపోతుంది. అది ప్రమాదపు వేగం. రెండు చప్పుళ్లూ కలిసిపోయి ఒకటే అదురు. నేను పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి వంగి చూశాను. ఆకుపచ్చ నీళ్లు, కదలిక లేదు, ఒక్క అల లేదు.

చివరికి ఫట్‌మని ఒక్క దెబ్బ. నాడె ఎగిరి గోడకు కొట్టుకున్నప్పటి చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మామ కూచున్నాడు.

"పాణీ! అంబాదాస్‌శేఠ్, మాగే బఘా!" అని మారుతి అరిచాడు. నీళ్లొస్తున్నాయి, వెనక చూడమంటున్నాడు.

మోటారు బిగించిన చెక్క, బోల్టుల దగ్గర్నుంచి కిందిదాకా చీలింది. మోటారు బరువుకు ఆ చీలిక మా కళ్లముందే నోరు తెరుస్తోంది. నీళ్లు అప్పటికే మా ఆయన మడమల దాకా వచ్చాయి. ఆయన పిడి తిప్పి ఉంటే ఆ చెక్క మోటారుతో సహా ఊడిపోయేది. వెనకభాగం లేని పడవలో, నడి నీళ్లలో, ఈత రాని నేనూ, మామా, సుజాతా.

మామనీ సుజాతనీ నా దగ్గరకు, ముందుకు లాక్కున్నాను. వెనకవైపు కొంచెం పైకి తేలింది. మా ఆయనా మారుతీ కలిసి ఆ మోటారును విప్పి పడవ మధ్యలోకి దొర్లించారు. నేను లడ్డూలు కొంగులో పోసుకుని ఆ డబ్బాతో నీళ్లు తోడాను. మారుతి తెడ్డు వేశాడు, మా ఆయన తన చొక్కా విప్పి చీలికలో కుక్కి దాన్ని కాలితో తొక్కిపట్టాడు. అలాగే ఒడ్డు చేరాం.

మా ఆయన చెప్పే లెక్క ఒకటుంది. చెక్క అప్పటికే చీలుతోంది, ఆ చీలిన అంచులు ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడు చేశాయి, మనం సాంచాల ఇంటివాళ్లం కాబట్టి అది సాంచాలా వినిపించింది. నేనూ అదే నమ్మాలని చూశాను. కానీ అల లేని నీళ్లలో, ఆగిన పడవలో అంచులు అంత తాళంగా ఎలా కొట్టుకుంటాయి? పైగా మారుతి సాంచాల ఇంటివాడు కాదు, కార్ఖానా లోపలికి కూడా ఎన్నడూ రాలేదు, నూలు బేళ్లు గుమ్మంలో దింపి పోయేవాడు. ఆ రోజు ఒడ్డున చాయ్ తాగుతూ తాను విన్నది మోకాలి మీద వేళ్లతో కొట్టి చూపించాడు. ఖట్ ధడ్, ఖట్ ధడ్.

ఆ నీళ్ల కింద ఏముండేదని అతన్నే అడిగాను. జొన్న చేలు, ఒక ఎండిన వాగు. ఇల్లు లేదు, మగ్గం లేదు, ఎవరో చచ్చిపోయారన్న కథ కూడా లేదు. దగ్గర్లో నీళ్ల ఇంజన్ ఏదైనా నడిచిందా అని ఒడ్డున ఉన్నవాళ్లను మా ఆయన అడిగి వచ్చాడు. నడవలేదన్నారు. తర్వాత చెక్క బాగు చేయించి, పాత చిన్న మోటారే పెట్టుకుని, అదే చోటుకు పోయి ఆపి కూచున్నాడట. ఏమీ వినపడలేదని చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

పెద్ద మోటారు మళ్లీ ఆ పడవకు ఎక్కలేదు. గాలి రోజుల్లో పడవ తీయకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

మామను ఆ సాయంత్రమే అడిగాను. ఎదురుగా కూచుని, పెదాలు బాగా కదిపి.

"మామా, నీకెట్ల ఇనవడ్డది?"

"ఏంది?"

"సాంచా. నువ్వే గద బంద్ చెయ్యమన్నవ్."

"నాకేం ఇనవడ్తది బిడ్డా? ఎన్నేండ్లాయె. నువ్వు మాట్లాడేది గుడ నోరు జూసి చెప్తున్న."

"మరి పడవల ఎందుకు లేసి నిలవడ్డవ్?"

"నేనా?" అన్నాడు. వేళాకోళం చేస్తున్నానేమోనని మా ఆయన వైపు చూశాడు. మేం ఇంకోసారి అడగలేదు. ఆయన పోయేదాకా ఆ మాట మళ్లీ రాలేదు.

మొన్నీమధ్య సుజాత ఇంటికి పోయినప్పుడు ఎందుకో పడవల సంగతి వచ్చింది. ఆమెకు ఆ రోజు పెద్దగా గుర్తుండదనే అనుకున్నాను. చీలిన చెక్కా, నీళ్లూ, కొంగులో లడ్డూలూ ఏవీ గుర్తులేవంది. ఒక్కటే గుర్తుందట.

"మీరంతా నీళ్లలకు జూస్తున్నరు. నేను తాతను జూసిన. తాత కండ్లు గట్టిగ మూసుకుని, రెండు చేతులతోని చెవులు మూసుకున్నడు. ఆ లొల్లి ఆగినంకనే చేతులు తీసిండు."

బాంబు పేలినా తల తిప్పని మనిషి ఆ చప్పుడుకు చెవులు ఎందుకు మూసుకున్నాడో ఇన్నేళ్లయినా నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను.